బావి ముందే తవ్వుకోవాలి

“ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు” అని మన పెద్దలు అంటారు. మంట లేచాక గడ్డపార పట్టుకుంటే ఏం లాభం? నీళ్లు పడేలోపు ఇల్లు బూడిదవుతుంది. నీళ్లు ముందే సిద్ధంగా ఉండాలి.

పూరిల్లు అయితే చుట్టుపక్కలవాళ్లు బిందెలతో పరుగెత్తి వస్తారు. మరి అయిదు అంతస్తుల ఇల్లయితే? పది అంతస్తుల ఆఫీసయితే? అక్కడికి బిందె ఎక్కదు. ఫైరింజన్ రావాలి. అది ట్రాఫిక్ దాటి, సందు తిరిగి, నిచ్చెన వేసేసరికి విలువైన నిమిషాలు పోతాయి.

అందుకే కొన్ని దేశాల్లో, కొన్ని ఊళ్లలో ఒక నియమం పెట్టారు. కొత్త ఇల్లు కట్టేటప్పుడే ఇంటి పైకప్పులో నీళ్ల ఏర్పాటు ఉండాలి అన్నారు. ఆ ఏర్పాటు పేరు స్ప్రింక్లర్. అదేమిటో, ఆ నియమం ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకుందాం.

చేలో ఒకటి, ఇంట్లో ఒకటి

స్ప్రింక్లర్ అనే మాట మన రైతులకు కొత్త కాదు. వేరుశనగ చేలో పైపులు వేసి, తుంపర్లుగా నీళ్లు చల్లే పరికరం చూసే ఉంటారు. ఇంట్లో పెట్టేది దానికి చుట్టం లాంటిది. కానీ పని వేరు.

చేలో స్ప్రింక్లర్ మోటారు వేయగానే తిరుగుతుంది. ఇంట్లో స్ప్రింక్లర్ అలా కాదు. అది ఏళ్ల తరబడి ఊరికే ఉంటుంది. మంట వచ్చిన రోజునే పని చేస్తుంది.

పెద్ద ఆసుపత్రికో, సినిమా హాలుకో, మాల్‌కో వెళ్లినప్పుడు తలెత్తి చూడండి. పైకప్పుకు ఎర్ర రంగు పైపులు కనబడవచ్చు. వాటికి అక్కడక్కడ చిన్న ఇత్తడి మూతి లాంటిది ఉంటుంది. దాన్నే స్ప్రింక్లర్ తల అంటారు. ఆ పైపులో ఎప్పుడూ నీళ్లు నిండి, ఒత్తిడితో ఉంటాయి. ఆ నీళ్లు కారకుండా తల దగ్గర ఒక చిన్న గాజు గొట్టం అడ్డం ఉంటుంది. అది మన చిటికెన వేలి కంటే సన్నం. దానిలో రంగు ద్రవం ఉంటుంది.

కింద మంట లేస్తే వేడి గాలి పైకి పోతుంది. పైకప్పు దగ్గర వేడి పెరుగుతుంది. గాజులోని ద్రవం ఉబ్బుతుంది. గాజు పగులుతుంది. అడ్డం పోతుంది. నీళ్లు దూకి, గొడుగులా పరుచుకుని మంట మీద పడతాయి. మనిషి వచ్చి మీట నొక్కక్కరలేదు. కరెంటు పోయినా గాజు పగలడం ఆగదు.

ఎంత వేడికి పగులుతుంది? ఎర్ర ద్రవం ఉన్న గాజు 68 డిగ్రీల వేడికి పగులుతుంది. మన ఊళ్లలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటితేనే అమ్మో అంటాం. కాబట్టి ఎండకు అది పగలదు. వంటగది, బాయిలర్ గది లాంటి వేడి చోట్లకు ఇంకా ఎక్కువ వేడిని ఓర్చే గాజు పెడతారు. దాని రంగు వేరుగా ఉంటుంది.

సినిమాలో చూసింది నిజం కాదు

సినిమాల్లో ఒక దృశ్యం చూపిస్తారు. ఎవడో సిగరెట్టు ముట్టిస్తాడు. వెంటనే భవనమంతా వాన కురుస్తుంది. అందరూ తడిసి పరుగెత్తుతారు. మామూలు స్ప్రింక్లర్ అలా పని చేయదు.

బీడీ పొగకూ, తాలింపు పొగకూ స్ప్రింక్లర్ కదలదు. దానికి పొగ తెలియదు, వేడి ఒక్కటే తెలుసు. ఏ తల దగ్గర వేడి పెరిగిందో ఆ తల ఒక్కటే తెరుచుకుంటుంది. పక్క గదిలోది తెరుచుకోదు. ఇళ్లలో వచ్చే మంటలు చాలావరకు ఒకటి రెండు తలలతోనే అదుపులోకి వస్తాయి.

సరుకు కోసం పుట్టి, మనుషుల దగ్గరకు వచ్చింది

ఇది కొత్త పరికరం కాదు. అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊళ్లో హెన్రీ పార్మలీ అనే ఆయనకు పియానోలు తయారు చేసే ఫ్యాక్టరీ ఉండేది. చుట్టూ కట్టె, వార్నిషు. నిప్పు భయం ఎక్కువ. ఆయన 1874లో తన ఫ్యాక్టరీ కోసం స్ప్రింక్లర్ తయారు చేసుకున్నాడు. తర్వాత ఫ్రెడరిక్ గ్రిన్నెల్ అనే ఆయన దాన్ని బాగు చేశాడు.

అప్పట్లో దాన్ని మిల్లులు, గోదాముల వాళ్లు పెట్టుకునేవాళ్లు. సరుకు కాలకుండా చూసుకోవడమే వాళ్ల ఆలోచన. ఇళ్లలో పడుకునే మనుషుల సంగతి చాలా కాలం ఎవరూ తలపెట్టలేదు. వంద ఏళ్ల తర్వాత, 1975లో, అమెరికాలో ఇళ్లకు పెట్టే స్ప్రింక్లర్లకు మొదటిసారి ప్రమాణాలు రాశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఇళ్ల కోసం త్వరగా తెరుచుకునే తలలు వచ్చాయి.

త్వరగా తెరుచుకోవడం ఎందుకు ముఖ్యం? మంటల్లో ఎక్కువమంది ఒళ్లు కాలి చనిపోరు. పొగ పీల్చి చనిపోతారు. ఇవాళ మన ఇళ్లలో స్పాంజి పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు, సోఫాలు ఉన్నాయి. అవి అంటుకుంటే నల్లటి విషపు పొగ వస్తుంది. కొద్ది నిమిషాల్లోనే గదంతా నిండిపోతుంది. మంటను చిన్నగా ఉన్నప్పుడే ఆపితే పొగ తగ్గుతుంది. మనుషులు బయటపడడానికి సమయం దొరుకుతుంది.

ఒక ఊరు తన నియమం మార్చుకుంది

అమెరికాలో ఆరిజోనా అనే రాష్ట్రం ఉంది. ఎడారి ప్రాంతం. అక్కడ స్కాట్స్‌డేల్ అనే పట్టణం ఉంది. 1980ల్లో ఆ పట్టణం వేగంగా పెరుగుతోంది. కొత్త కాలనీలు పుట్టుకొస్తున్నాయి. ప్రతి కాలనీకీ ఫైర్ స్టేషన్ కావాలంటే ఎంత ఖర్చు? ఎంతమంది సిబ్బంది? ఊరివాళ్లు ఆలోచనలో పడ్డారు.

1985లో పట్టణ కౌన్సిల్ ఒక నియమం చేసింది. ఇక మీదట కట్టే దుకాణాలకూ, అపార్టుమెంట్లకూ స్ప్రింక్లర్లు ఉండాలి. 1986 జనవరి 1 నుంచి కట్టే ప్రతి కొత్త ఇంటికీ ఉండాలి. ఒక కుటుంబం ఉండే చిన్న ఇంటికి కూడా ఉండాలి. ఈ నియమం చేసింది దేశ ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో కాదు. మన మునిసిపాలిటీ లాంటి ఒక పట్టణ సభ చేసింది.

అందరూ సరే అన్నారా? ఇలాంటి నియమం వచ్చిన చోటల్లా అడ్డు చెప్పేవాళ్లు ఉంటారు. ఇళ్లు కట్టి అమ్మేవాళ్లు ముఖ్యంగా మూడు మాటలు అంటారు.

ఒకటి: ఇంటి ధర పెరుగుతుంది. పేదవాడు కొనలేడు.

రెండు: పైపు కారితే సామాను పాడవుతుంది.

మూడు: పొగ రాగానే మోగే అలారం చాలు కదా, ఇదెందుకు?

ఇవి కొట్టిపారేసే మాటలు కావు. ఖర్చు నిజంగానే ఉంటుంది. స్కాట్స్‌డేల్‌లో మొదట చదరపు అడుగుకు ఒక డాలరు పైన అయ్యింది. తర్వాత ప్రతి మేస్త్రీకీ పని అలవాటైంది, పైపుల వ్యాపారులు పెరిగారు. ఖర్చు డాలరు లోపుకు దిగింది.

ఆ పట్టణం ఇంకో పని కూడా చేసింది. స్ప్రింక్లర్లు ఉన్న కాలనీల్లో కొన్ని సడలింపులు ఇచ్చింది. వీధి కాస్త తక్కువ వెడల్పు ఉన్నా ఫరవాలేదంది. ఫైరింజన్‌కు నీళ్లిచ్చే కుళాయిలు దూరం దూరంగా పెట్టుకోవచ్చంది. కొంచెం సన్నని నీటి గొట్టాలు వేసుకోవచ్చంది. అలా కట్టేవాళ్లకు ఒక చేత్తో ఖర్చు పెట్టి, ఇంకో చేత్తో కొంత తగ్గించింది. నియమం నిలబడడానికి ఇది బాగా పనికొచ్చింది.

15 ఏళ్ల లెక్క

నియమం పెట్టి ఊరుకోలేదు. లెక్కలు రాశారు. 1986 నుంచి 15 ఏళ్ల పాటు ఆ ఊరి ఇళ్లలో వచ్చిన మంటల వివరాలు చూశారు. మొత్తం 598 ఇంటి మంటలు. వాటిలో 49 మంటలు స్ప్రింక్లర్లు ఉన్న ఇళ్లలో వచ్చాయి. ఆ లెక్కలు ఇవి:

స్ప్రింక్లర్లు లేని ఇళ్లలో చనిపోయినవాళ్లు: 13 మంది.

స్ప్రింక్లర్లు ఉన్న ఇళ్లలో చనిపోయినవాళ్లు: ఒక్కరూ లేరు.

స్ప్రింక్లర్లు లేని ఇంట్లో ఒక్కో మంటకు సగటు నష్టం: 45,019 డాలర్లు.

స్ప్రింక్లర్లు ఉన్న ఇంట్లో సగటు నష్టం: 2,166 డాలర్లు.

ఇక నీళ్ల సంగతి. స్ప్రింక్లర్ ఒక మంటకు సగటున సుమారు 1,300 లీటర్లు వాడింది. ఫైరింజన్ గొట్టాలతో ఆర్పితే సుమారు 11,000 లీటర్లు పట్టాయి. మేడ మీద పెట్టే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు మీకు తెలుసు. స్ప్రింక్లర్‌కు ఒక ట్యాంకు కంటే కాస్త ఎక్కువ అయ్యింది. ఫైరింజన్‌కు పదకొండు ట్యాంకులు అయ్యాయి. “నీళ్లకు సామాను పాడవుతుంది” అన్న మాటకు ఈ లెక్కే జవాబు. చిన్న మంటకు చిన్న నీళ్లు. పెద్ద మంటకు పెద్ద నీళ్లు.

ఒక విషయం మరవకూడదు. స్ప్రింక్లర్ ఉన్న ఇళ్లన్నీ కొత్తవి. వాటి కరెంటు వైర్లు, గోడలు కూడా కొత్తవే. కాబట్టి తేడా మొత్తం స్ప్రింక్లర్ వల్లే అనలేం. కానీ తేడా చాలా పెద్దది.

అలారం సంగతేమిటి? అలారం ఉండాలి. అది నిద్ర లేపుతుంది. కానీ లేవలేని ముసలమ్మ, పసిపాప, మంచం పట్టిన రోగి ఏం చేస్తారు? అలారం పిలుస్తుంది. స్ప్రింక్లర్ మంట మీద పని చేస్తుంది. రెండూ కావాలి.

ఒక ఊరి నుంచి దేశం దాకా

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2011 జనవరి 1 నుంచి కొత్తగా కట్టే చిన్న ఇళ్లకు కూడా స్ప్రింక్లర్లు ఉండాలంది. బ్రిటన్‌లో వేల్స్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ 2016 జనవరి 1 నుంచి ప్రతి కొత్త ఇంటికీ ఇది తప్పనిసరి అయ్యింది. ఇలా దేశం మొత్తానికి పెట్టిన మొదటి దేశం అదే.

పక్కనే ఉన్న ఇంగ్లండు ఆలస్యం చేసింది. అక్కడ 30 మీటర్లు దాటిన కొత్త అపార్టుమెంట్లకే నియమం ఉండేది. 2017 జూన్ 14 రాత్రి లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల పాత భవనం అంటుకుంది. బయటి గోడలకు తొడిగిన రేకుల గుండా మంట పైకి ఎగబాకింది. 72 మంది చనిపోయారు. ఆ తర్వాత 2020 నవంబరులో నియమం మారింది. 11 మీటర్లు దాటిన కొత్త అపార్టుమెంట్లన్నిటికీ స్ప్రింక్లర్లు ఉండాలన్నారు.

అన్ని చోట్లా నియమం ముందుకే పోలేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అడ్డు చట్టాలు చేశాయి. చిన్న ఇళ్లకు స్ప్రింక్లర్లు తప్పనిసరి అని పట్టణాలు నియమం పెట్టకూడదన్నాయి. ధర పెరుగుతుందన్న మాటే అక్కడ గెలిచింది.

కొత్త ఇంటికే ఎందుకు?

ఇల్లు కట్టేటప్పుడు శ్లాబు వేయకముందే పైపు దారి చూసుకోవచ్చు. ట్యాంకు ఎంత పెద్దది కావాలో ముందే అనుకోవచ్చు. ఇల్లు కట్టాక పెట్టాలంటే గోడలు తొలచాలి, ఇంట్లోవాళ్లు సర్దుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. అందుకే చాలా నియమాలు కొత్త భవనాలకే పెడతారు.

కానీ దీనిలో ఒక లోటు ఉంది. నియమం మారిన రోజుకు ముందు కట్టినవి అలాగే మిగులుతాయి. మనుషులు వాటిలోనే ఎక్కువగా ఉంటారు. అమెరికాలో లాస్ వేగాస్ అనే ఊళ్లో 1980 నవంబరు 21న ఒక పెద్ద హోటల్ అంటుకుంది. మంట కింది అంతస్తులో. చావులు ఎక్కువగా పై అంతస్తుల్లో. పొగ వాళ్లను చంపింది. 85 మంది పోయారు. ఆ తర్వాత ఆ రాష్ట్రం పాత ఎత్తైన భవనాలకు కూడా స్ప్రింక్లర్లు పెట్టించింది. అంటే మనసుంటే పాతవాటికీ చేయించవచ్చు.

మన దగ్గర సంగతి

మనకు ఇది దూరపు ముచ్చట కాదు. మన పిల్లలు చదువుకీ పనికీ నగరాలకు పోతున్నారు. మేడల మీద ఆఫీసుల్లో, హాస్టళ్లలో ఉంటున్నారు. మనలో ఎంతోమంది ఆ మేడలు కట్టే కూలీలు, వాటికి కాపలా ఉండే వాచ్‌మన్లు.

2023 మార్చిలో సికింద్రాబాద్‌లో ఒక పెద్ద వాణిజ్య భవనంలో మంట వచ్చింది. ఆరుగురు పోయారు. అందరూ చిన్న వయసువాళ్లు. ఉపాధి కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. పొగలో ఊపిరాడక పోయారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో మంట వచ్చింది. 17 మంది పోయారు. వారిలో 8 మంది పిల్లలు.

మన దేశంలో భవనాల కోసం జాతీయ భవన నిర్మాణ నియమావళి అనే పుస్తకం ఉంది. 1970లో మొదట వచ్చింది. 2016లో మళ్లీ మార్చి రాశారు. 15 మీటర్లు, అంటే సుమారు అయిదు అంతస్తుల ఎత్తుంటే, దాన్ని ఎత్తైన భవనం అంటుంది. భవనం ఎత్తు, వైశాల్యం, దేనికి వాడతారు అన్నది చూసి స్ప్రింక్లర్లు ఎక్కడ ఉండాలో చెబుతుంది. అయితే ఇది సలహా పుస్తకం లాంటిది. రాష్ట్రం, మునిసిపాలిటీ తమ నియమాల్లో చేర్చుకున్నప్పుడే అది కచ్చితంగా పాటించాల్సింది అవుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో అగ్నిమాపక సేవల చట్టం చేశారు. ఎత్తైన భవనాలు కట్టేవాళ్లు, బడి, సినిమా హాలు, ఫంక్షన్ హాలు లాంటి జనం చేరే పెద్ద భవనాలు కట్టేవాళ్లు అగ్నిమాపక శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలని దానిలో రాశారు. ఎంత ఎత్తుకు ఏం కావాలన్న లెక్కలు మారుతూ ఉంటాయి. కాబట్టి కట్టేముందు మునిసిపల్ ఆఫీసులో ఇవాళ్టి నియమం ఏమిటని అడగాలి.

మామూలు చిన్న ఇంటికి మన దగ్గర స్ప్రింక్లర్ పెట్టాలన్న నియమం లేదు. కానీ పెద్ద భవనంలో ఉండాల్సిన చోట ఉందా, పని చేస్తోందా అని అడిగే హక్కు మనకుంది.

మనం ఏం చూడాలి?

స్ప్రింక్లర్ పెట్టడం సగం పనే. ట్యాంకు ఎండిపోతే, వాల్వు మూసి ఉంటే, పంపు పాడైతే పైకప్పులో ఉన్నది ఉత్త ఇత్తడి ముక్క. కాబట్టి ఇవి చూడండి.

1. మీరు వాచ్‌మన్ అయితే, మంటలకు విడిగా ఉంచిన ట్యాంకులో నీళ్లు ఉన్నాయా చూడండి. ఆ నీళ్లు మొక్కలకూ, కార్లు కడగడానికీ వాడనివ్వకండి.

2. స్ప్రింక్లర్ వాల్వు ఎప్పుడూ తెరిచి ఉండాలి. రిపేరు కోసం మూస్తే పని కాగానే తెరవాలి.

3. మీరు రంగులు వేసేవారైతే, స్ప్రింక్లర్ తల మీద పెయింటు పడనివ్వకండి. పెయింటు పడిన తల సరిగా తెరుచుకోదు. తలకు బట్టలు తగిలించకూడదు. తీగలు కట్టకూడదు.

4. గోదాములో బస్తాలు, పెట్టెలు స్ప్రింక్లర్ తలను తాకేలా పేర్చకూడదు. నీళ్లు పరుచుకోవడానికి చోటు ఉండాలి.

5. మెట్ల దారిలో సామాను పెట్టకూడదు. మేడ మీది తలుపుకు, బయటి దారికి తాళం వేయకూడదు. స్ప్రింక్లర్ ఉన్నా మెట్లే ప్రాణం.

6. మంట వస్తే లిఫ్టు ఎక్కకండి. పొగలో వంగి నడవండి. తలుపు మూసి బయటికి రండి. బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

7. మీ అబ్బాయినో అమ్మాయినో హాస్టల్లో చేర్పించేటప్పుడు అద్దె ఒక్కటే అడగకండి. “మెట్లు ఎన్ని ఉన్నాయి? మంట వస్తే ఎటు పోవాలి?” అని కూడా అడగండి.

చర్చించుకోండి

మీ ఊళ్లో బడి, ఆసుపత్రి, ఫంక్షన్ హాలు ఉన్నాయా? మంట వస్తే జనం బయటికి పోయే దారులు ఎన్ని?

మీకు దగ్గరలో ఫైర్ స్టేషన్ ఎక్కడుంది? అక్కడి నుంచి ఫైరింజన్ రావడానికి ఎంతసేపు పడుతుంది?

కొత్త ఇంటి ధర కొంచెం పెరిగినా స్ప్రింక్లర్ నియమం పెట్టాలా, వద్దా? మీరేమంటారు? ఎందుకు?

కొత్త మాటలు

స్ప్రింక్లర్ తల – పైకప్పులో ఉండే నీళ్ల మూతి. వేడికి తెరుచుకుంటుంది.

వాల్వు – నీళ్లు వదలడానికి, ఆపడానికి ఉండే తిప్పుడు మీట.

నిరభ్యంతర పత్రం – “మాకు అభ్యంతరం లేదు” అని ప్రభుత్వ శాఖ రాసిచ్చే కాగితం.

నియమావళి – నియమాలన్నీ ఒకచోట రాసిన పుస్తకం.

సగటు – మొత్తాన్ని అందరికీ సమానంగా పంచితే ఒక్కోదానికి వచ్చే లెక్క.